తడి చెత్త గ్యాస్: వంట ఎవరికి, చాకిరీ ఎవరికి?

ప్రశ్న (ఫ్లాట్_304):
మాది 100 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. తడి చెత్తతో బయోగ్యాస్ ప్లాంట్ పెడదామంటున్నారు. ఇంటింటికీ గ్యాస్ ఇస్తామని అప్పుడే ఆశపెట్టేశారు కూడా. అంత వస్తుందా? చెత్త ఏరుకుని బతికేవాళ్ల పొట్ట కొట్టినట్టవుతుందా?

జవాబు (పేడనీళ్లు):
ఇంటికి అరకిలో చొప్పున రోజుకు 50 కిలోలు. పది కిలోలకు సుమారు ఒక ఘనపు మీటరు గ్యాస్, అది 430 గ్రాముల వంటగ్యాస్ పాటి. మొత్తం రోజుకు రెండు కిలోల పైచిలుకు, అంటే వారానికో సిలిండర్. వంద ఇళ్లకు పంచితే తగువులే మిగులుతాయి. పక్కనున్న అంగన్‌వాడీకో, వాచ్‌మన్ కుటుంబాలు వండుకునే చోటికో ఒక్క పొయ్యికి ఇవ్వండి. పైపు వాలుగా వేసి, పల్లంలో నీరు వదిలే కుళాయి పెట్టండి. లేకపోతే మంట కొట్టుకుంటుంది. కుళ్లిన గుడ్డు వాసనకు లేత్ షాపు ఇనుప రజను, అదీ తుప్పుపట్టినదే, డబ్బాలో నింపి గ్యాస్‌ను దానిగుండా పంపండి. గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ పీచు పనికిరాదు.

జవాబు (బకెట్_రెండు):
అసలు చాకిరీ వేరుచేయడంలో ఉంది. బ్లేడు, ప్యాడ్ తడి బకెట్లో పడితే చేయిపెట్టి తీసేది సఫాయి పనామె. కలిపిన బకెట్‌ను గుమ్మం దగ్గరే వదిలేసే హక్కు ఆమెకు ఇవ్వండి, మోచేతి దాకా గ్లవ్స్ కొనివ్వండి. నిమ్మతొక్కలు, ఎముకలు వద్దు. పండగ మర్నాడు మిగిలిన అన్నం ఒకేసారి గుమ్మరిస్తే డైజెస్టర్, అంటే చెత్త మగ్గే ట్యాంకు, పులుస్తుంది, మంట ఆరుతుంది. పీహెచ్ (పులుపు కొలత, తగ్గితే పులుపు పెరిగినట్టు) 6.5 దిగితే చెత్త వేయడం ఆపి, సున్నపుతేట కొద్దికొద్దిగా పోయండి.

జవాబు (పాతసామాను):
ఏరుకునేవాళ్ల సంగతి. ఈ ప్లాంటుకు కావలసింది తడి చెత్తే, వాళ్లకు కావలసింది అట్టలూ సీసాలూ. తడి అంటకపోతే అట్టకు మంచి రేటే వస్తుంది. నష్టం చెత్తంతా కాల్చే ప్లాంటుతోనూ, పొడి చెత్త కూడా కాంట్రాక్టరుకు రాసిచ్చేయడంతోనూ. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెత్త ఏరేవాళ్లను వ్యవస్థలో కలుపుకోమన్నాయి. 2022లో మొదలైన ఇందౌర్ తడి చెత్త గ్యాస్ ప్లాంటు సామర్థ్యం రోజుకు 550 టన్నులు. ఇంటి దగ్గరే వేరుచేసే అలవాటు అక్కడ అంతకుముందే ఉంది.

ఫ్లాట్_304:
గ్యాస్ వచ్చాక మిగిలే స్లర్రీ, ఆ చిక్కటి నీళ్లు, ఏం చేయాలి?

పేడనీళ్లు:
చెత్తకు సమానంగా నీళ్లు పోస్తారు కనుక రోజుకు దాదాపు వంద లీటర్లు. డ్రైనేజీలో వదిలితే కింది ఫ్లోరు వాళ్లు ఊరుకోరు. ఎరువుగా తీసుకెళ్లే మొక్కల నర్సరీ ఒకటి ముందే మాట్లాడుకోండి.