సహాయ మిరువురకునా, ఇర్వురునా?

గరివిడి నుంచి: రెండో ప్రపంచ యుద్ధంలో పోర్చుగల్ సంగతి చదువుతుంటే రాత్రినుంచి ఓ పద్యం ముక్క నాలిక మీద ఆడుతోంది, పూర్తిగా రావట్లేదు. "సహాయ మిరువురకున్ చెందుట పాడి..." తర్వాత ఏటి? పోర్చుగల్ తటస్థం అంటూనే వుల్ఫ్రమ్, అదే టంగ్‌స్టన్ ఖనిజం, అటు జర్మనీకీ ఇటు బ్రిటన్‌కీ పోనిచ్చింది, 1944 జూన్‌లో గానీ ఆపలేదు. మాది మాంగనీస్ ఊరు కదా, చిన్నప్పుడు ఆ రాయి పట్టుకుంటే వేళ్ళకి అంటిన నలుపు సబ్బుకి పోయేది కాదు, గని కథ ఏది చదివినా ఆ రాయి ఎవరి చేతికెళ్ళిందా అనే చూస్తాను.

బొబ్బిలి నుంచి: ఇరువురకున్ కాదండీ, ఇర్వురున్. తిరుపతి వేంకట కవుల నాటకం పాండవోద్యోగంలో, సాయం అడగొచ్చిన దుర్యోధనుడు, అర్జునుడు ఎదురుగా ఉండగా కృష్ణుడు చదివే పద్యం, ఉత్పలమాల. "బందుగులన్న యంశమది పాయక నిల్చె సహాయ మిర్వురుం" గణాలు వేసుకోండి, అక్కడ "మి" గురువవ్వాలి, ఇరువు అంటే రగణం పోయింది. "జెందుట" మూడో పాదం మొదలు, ముందుగ, బందుగు, జెందుట, ప్రాస చూడండి.

పాలకొండ నుంచి: గణం సరే మాస్టారూ, అర్థమే అసలు తేడా. ఇరువురకున్ అంటే ఇచ్చేవాడు కనపడతాడు. ఇర్వురుం జెందుట అంటే పుచ్చుకునేవాళ్ళే ఉన్నారు, ఇచ్చేవాడు వాక్యంలో లేడు! "నేనిస్తున్నా" అనలేదు కృష్ణుడు, మీరిద్దరూ పొందడం న్యాయం అన్నాడు. అమ్ముకునే తటస్థ దేశాల మాట సరిగ్గా ఇదే కదా.

ఆమదాలవలస నుంచి: కృష్ణుడు తటస్థుడేటండీ? తటం అంటే గట్టు, గట్టు మీద నిలబడ్డోడు తటస్థుడు. ఈయన ఆయుధం పట్టనన్నాడు గానీ పగ్గాలు పట్టాడు. ఉదాసీనుడు వేరే మాట, కలపకండి. పోలికంటే స్వీడన్ చెప్పండి, ఏటా కోటి టన్నుల దాకా ఇనుప ఖనిజం జర్మనీకి, బేరింగులు బ్రిటన్‌కి కూడా. చలికాలం లూలియో రేవు గడ్డకడితే కిరునా ఖనిజం రైల్లో నార్వేలోని నార్విక్‌కి పోయేది, 1940లో జర్మనీ నార్వే మీద పడడానికి అదో పెద్ద కారణం.

బొబ్బిలి నుంచి: ఈ పద్యం చదివి అర్థం చేసుకునేది కాదు, వినాలి. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి స్టేజీ మీద చూసినవాళ్ళు మా వీధిలో ఇంకా ఉన్నారు, ఆ రాగం గురించి మొదలెడితే అన్నం చల్లారిపోద్ది.

గరివిడి నుంచి: ఇర్వురున్ ఒప్పుకున్నాను. కానీ "పాడి" న్యాయమేనా? మా అమ్మమ్మ "అది నీకు పాడి కాదు" అంటే తప్పు అని కాదు, నీ మర్యాదకి తగదు అని. బందుగులు కాబట్టి ఇద్దరికీ వాటా, ఆ అర్థంలో తీసుకుంటే పోర్చుగల్‌కి ఈ మాట అస్సలు నప్పదు, అక్కడ బంధుత్వం లేదు, ధరే.

పాలకొండ నుంచి: ధర ఒక్కటే కాదు, అక్కడి పనష్కైరా వుల్ఫ్రమ్ గని బ్రిటిష్ వాళ్ళది, జర్మన్లవి వేరే గనులు. పాడి సంగతి రేపు, అటక మీద పాత ప్రతి దించి చూసి చెప్తాను.