వార్షికోత్సవ నాటకానికి ఎనిమిది ఫోమ్ కత్తులు: సామాను, పని పంపకం

ప్రాప్స్ (నాటక సామాను జట్టు): అలుగు, అంటే కత్తి బ్లేడు, 75 సెం.మీ. పొడవు, 7 సెం.మీ. వెడల్పు, రెండు పొరలు. ఎనిమిది కత్తులకి 10 మి.మీ. మందం ఈవీఏ ఫోమ్‌లో (మెత్తటి రబ్బరులాంటి షీటు) 16 పట్టీలు కావాలి. 60×100 సెం.మీ. షీటులో పొడుగునా ఎనిమిది పడతాయి కాబట్టి రెండు షీట్లు చాలు. చివర మిగిలే 25 సెం.మీ. ముక్కలు అడ్డుపట్టీలకి (పిడికీ అలుగుకీ మధ్య అడ్డంగా ఉండేవి). 8 మి.మీ. మందం గుండ్రటి కర్రలు, 90 సెం.మీ.వి ఎనిమిది. కాంటాక్ట్ సిమెంట్ అనే జిగురు అర లీటరు. కట్టర్ బ్లేడ్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఫోమ్ వాటిని ఇట్టే మొద్దుబారుస్తుంది, మొద్దు బ్లేడు కోయదు, పీకుతుంది.

వాలంటీర్: మా దగ్గర పిల్లలాడుకునే 60×60 మ్యాట్లు ఉన్నాయండి, పనికొస్తాయా?

ప్రాప్స్: అలుగులకి వద్దండి. ఐమూలగా కోసినా ఒక్క పట్టీ మించి రాదు. అతుకు వేస్తే సరిగ్గా అక్కడే వంగుతుంది. అడ్డుపట్టీలకి తెచ్చేయండి.

కటింగ్: ముందు గాడి, తర్వాత అంచులు ఏటవాలుగా కోయడం, ఆ తర్వాతే అతికించడం. ఒక్కో పొర లోపలి వైపు నడిమధ్యన 8 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. లోతు గాడి తీస్తే కర్ర రెండింటి మధ్యా ఇమిడిపోతుంది. ఏటవాలు అంచు నుంచి 2 సెం.మీ. లోపలికి చాలు, గాడి జోలికి పోకూడదు. అంచున 2 మి.మీ. మందం ఉంచండి, పలచనైతే చిరుగుతుంది. కర్ర మొనకి 4 సెం.మీ. ముందే ఆగాలి, లేకపోతే పొడుచుకొస్తుంది. రెండో కొస అడ్డుపట్టీని దాటి పిడి చివరిదాకా పోవాల్సిందే. ఈ కత్తులు విరిగేది ఎక్కువగా అడ్డుపట్టీ దగ్గరే, కర్ర అక్కడితో ఆపేయడం వల్ల. మిగతా తప్పులు రంగుతో కప్పేయొచ్చు, ఇది కుదరదు.

వాలంటీర్: హాట్ గ్లూతో తొందరగా అవుతుంది కదండీ?

ప్రాప్స్: ఎండలో కారు డిక్కీలో ఉంటే మెత్తబడి విడిపోతుంది. నగిషీ ముక్కలకైతే సరే. కాంటాక్ట్ సిమెంట్ రెండు ముఖాలకీ పలచగా పూసి, వేలికి అంటనంతవరకు ఆగాలి: సుమారు 10 నిమిషాలు, చల్లటి గరాజ్‌లో ఇంకా ఎక్కువ. తడిగా ఉండగా కలిపితే జారుతుంది. ఆరాక తగిలిందంటే ఇక సర్దలేం, అందుకని మధ్యలో బేకింగ్ పేపరు పెట్టి కొంచెం కొంచెంగా లాగుతూ అతికించండి. తలుపులు తెరిచే ఉంచాలి. ఆ ఆవిరికి నిప్పంటుకుంటుంది, దగ్గర్లో హీట్ గన్ (వేడిగాలి ఊదే పరికరం) వద్దు. దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు (రసాయన ఆవిరిని పట్టే డబ్బాలు) ఉన్న మాస్కే కావాలి.

పెయింట్: మర్నాడు మాకివ్వండి. హీట్ గన్ రెండు వైపులా సమానంగా తిప్పి ఫోమ్ పైనున్న సన్నటి రంధ్రాలు మూస్తాం. ఒక్క వైపే కాలిస్తే అలుగు ఆ పక్కకి వంకరపోతుంది. సాగే గుణమున్న ప్రైమర్ (రంగు కింద వేసే పూత) పలచగా మూడు పూతలు, నల్ల ఆక్రిలిక్, దాని మీద దాదాపు పొడి బ్రష్‌తో వెండి రంగు. గట్టి వార్నిష్ వద్దు, మొదటి కత్తియుద్ధానికే పగుళ్లు.

స్టేజ్: గోడకి ఆనించి పెట్టకండి, వంగిపోతాయి. బల్ల మీద పడుకోబెట్టండి. టచప్‌కి నలుపు, వెండి రంగులు చెరో చిన్న సీసా తెర వెనక ఉంచుతాం. గాడి తీయడానికి శనివారం ఎవరెవరు వస్తున్నారో చెప్పండి.