టాప్ దించితే బేస్ మాయం: కన్వర్టిబుల్‌కి సీల్డ్ బాక్సా, పోర్టెడ్ బాక్సా, సీటు దగ్గర చిన్న వూఫరా?

రెండుసీట్లు:
నాది రెండు సీట్ల సాఫ్ట్ టాప్ కారు. వాన లేకపోతే టాప్ దించే నడుపుతాను, ఆ కారు కొన్నదే అందుకు. డిక్కీలో 10 అంగుళాల వూఫర్ (బేస్ స్పీకర్), సీల్డ్ బాక్స్ (అన్ని వైపులా మూసినది), 300 వాట్ల మోనో యాంప్ పెట్టించాను. టాప్ వేసి ఉంటే ఏ కంప్లయింటూ లేదు, డప్పు దెబ్బ ఛాతీకి తగులుతుంది. టాప్ దించి గంటకి 60 కిలోమీటర్లు దాటానంటే మాత్రం బేస్ అన్నదే ఉండదు. వాల్యూమ్ పెంచితే గొంతులూ తాళాలూ చెవుల్లో గుచ్చుకుంటాయి గానీ కింది శబ్దం రాదు.

బిగించిన షాపాయన్ని అడిగితే 12 అంగుళాలది వేసి పవర్ రెండింతలు చేద్దాం అంటున్నాడు. మొదటిసారి కూడా "ఇది చాలండీ" అన్నది ఆయనే, అందుకని ఈసారి గుడ్డిగా నమ్మబుద్ధి కావట్లేదు. టాప్ మడత పడే గుంత పోగా డిక్కీలో 45 లీటర్ల బాక్స్ పడుతుంది, అంతకు మించి చోటు లేదు. డిక్కీకీ సీట్లకీ మధ్య రేకు గోడ, దాంట్లో అరచేయి పట్టేంత మూత ఒకటి ఉంది. టాప్ దించినప్పుడు బాగుండాలి, నాకు అదే ముఖ్యం. ఏం చేయమంటారు?

పోర్ట్‌పక్షం:
పోర్టెడ్ బాక్స్, అంటే గాలి గొట్టం (పోర్ట్) ఉన్నది వేయండి, ఇంకో ఆలోచన అక్కర్లేదు. 10 అంగుళాల వూఫర్‌కి 40 లీటర్ల పోర్టెడ్ బాక్స్ చక్కగా సరిపోతుంది, అంటే మీ డిక్కీలో పడుతుంది. ట్యూనింగ్, అంటే ఆ గొట్టం గట్టిగా మోగే ఫ్రీక్వెన్సీ, 38 నుంచి 40 హెర్ట్జ్ దగ్గర పెట్టించండి. ఆ చుట్టుపక్కల శబ్దంలో ఎక్కువ భాగం పోర్ట్ నుంచే వస్తుంది, కోన్ (వూఫర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే భాగం) పెద్దగా కదలక్కర్లేదు, అదే యాంప్‌తో మోత పెరుగుతుంది. ఒక్క జాగ్రత్త తీసుకోండి: ట్యూనింగ్ కిందికి వెళ్తే కోన్‌ని పట్టి ఆపేది ఏమీ ఉండదు, 30 హెర్ట్జ్ దగ్గర సబ్‌సానిక్ ఫిల్టర్ (అంతకన్నా కింది శబ్దాన్ని ఆపేది) పెట్టకపోతే వూఫర్ పాడైపోతుంది. షాపాయన చెప్పిన 12 అంగుళాలది కూడా తప్పేం కాదు గానీ దానికి పోర్టెడ్ బాక్స్ అంటే 55 లీటర్ల పైనే కావాలి, మీకు చోటు లేదు.

దగ్గరవినికిడి:
పోర్ట్‌పక్షం గారు చెప్పిన బాక్స్ లెక్కలన్నీ కరెక్టే, కానీ అసలు రోగం బాక్స్‌లో లేదు. ఇది చాలామందికి తెలియక డిక్కీలో పెద్దది, ఇంకా పెద్దది అని మారుస్తూ పోతారు, నేనూ మూడు బాక్సులు మార్చాకే తెలుసుకున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మూసి ఉన్న కారు గది లాంటిది కాదు, అది ఒక చిన్న పెట్టె. ధ్వని తరంగం పెట్టె కన్నా బాగా పొడవైపోయినప్పుడు అది తరంగంలా ప్రయాణించదు, లోపలి గాలి మొత్తాన్నీ ఒక్కసారిగా నొక్కి వదులుతుంది. 40 హెర్ట్జ్ తరంగం పొడవు 8 మీటర్ల పైమాటే, మీ కారు లోపల ఎటు కొలిచినా 2 మీటర్లు మించదు. ధ్వని సెకనుకి 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి, సగం తరంగం 2 మీటర్లు ఉండేది దాదాపు 86 హెర్ట్జ్ దగ్గర. అక్కడి నుంచి కిందికి పోయేకొద్దీ కారే బేస్‌ని పెంచుతుంది, సిద్ధాంతం ప్రకారం ఆక్టేవ్‌కి (అంటే ఫ్రీక్వెన్సీ సగమయ్యే ప్రతిసారీ) 12 డెసిబెల్స్ దాకా. సీల్డ్ బాక్స్ కిందికి పోయేకొద్దీ తగ్గేది కూడా ఆక్టేవ్‌కి 12 డెసిబెల్సే. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గించి, రెండూ కలిసి దాదాపు సమానమవుతాయి. మూసిన కార్లో చిన్న సీల్డ్ బాక్స్ అంత కమ్మగా వినిపించడానికి కారణం అదే.

టాప్ దించిన క్షణం ఆ పెట్టె లేదు, అది ఇచ్చే సాయం కూడా లేదు. ఆరుబయట మైదానంలో స్పీకర్ పెట్టినట్టే. మైదానంలో దూరమే అన్నీ నిర్ణయిస్తుంది: దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పోతాయి. మీ డిక్కీ వూఫర్ చెవికి 1.8 మీటర్ల దూరంలో ఉందనుకోండి. అదే వూఫర్ రెండు సీట్ల మధ్య వెనకాల 60 సెంటీమీటర్లలో ఉంటే 9.5 డెసిబెల్స్ లాభం. అదే లాభం పవర్‌తో తేవాలంటే 9 రెట్లు కావాలి, మీ 300 వాట్లు 2700 అవ్వాలి. షాపాయన చెప్పిన రెండింతల పవర్ తెచ్చేది 3 డెసిబెల్స్ మాత్రమే.

అక్కడ 10 అంగుళాలది పట్టదు, ఒప్పుకుంటాను. 8 అంగుళాలది పడుతుంది. దాని కోన్ వైశాల్యం దాదాపు 215 చదరపు సెంటీమీటర్లు, 10 అంగుళాలదానిది 340 దాకా, అంటే కోన్ అంతే కదిలితే 4 డెసిబెల్స్ నష్టం. 9.5లో 4 పోయినా ఇంకా 5 పైగా మిగిలే ఉంది, పైగా డిక్కీ మొత్తం ఖాళీ అవుతుంది.

కంపెనీలు కూడా ఈ దారిలోనే వెళ్లాయి. 2012లో వచ్చిన మెర్సిడెస్ ఎస్‌ఎల్‌లో బేస్ స్పీకర్లని కాళ్ల ముందు భాగంలో పెట్టి, బాడీ ఫ్రేమ్‌లో ఉన్న ఖాళీలనే బాక్స్‌లా వాడుకున్నారు. బీఎండబ్ల్యూ చాలా మోడళ్లలో వూఫర్లని ముందు సీట్ల కిందే పెడుతుంది.

పోర్ట్‌పక్షం:
మైదానం లెక్క మైదానానికే అన్నా. టాప్ దించినా రేకు గోడ, డోర్లు, డాష్‌బోర్డ్, ముందు అద్దం ఎక్కడికీ పోవు, బేస్ మొత్తం ఆకాశంలోకి వెళ్లిపోదు. పైగా 8 అంగుళాల వూఫర్ చిన్న సీల్డ్ బాక్స్‌లో 35 హెర్ట్జ్ దగ్గర ఏం పీకుతుంది? ఒక ఆక్టేవ్ కిందికి అంతే మోత కావాలంటే కోన్ నాలుగు రెట్లు కదలాలి. మీ 5 డెసిబెల్స్ అక్కడే ఖర్చైపోతాయి.

దగ్గరవినికిడి:
35 హెర్ట్జ్ దగ్గర ఏమీ పీకదు, నిజమే. కానీ టాప్ దించి 80 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్తుంటే మీ 40 లీటర్ల బాక్స్ 35 హెర్ట్జ్ కూడా నాకు వినిపించదు, ఎందుకంటే గాలి మోత, టైర్ల మోత ఎక్కువగా ఉండేది ఆ కింది భాగంలోనే. పోరాడి గెలవలేని చోట పోరాడటం దండగ. 50 నుంచి 100 హెర్ట్జ్ మధ్యలో డ్రమ్ దెబ్బ, బేస్ గిటార్ ఉంటాయి, అది దక్కితే పాటకి ప్రాణం వచ్చినట్టే. అందుకే టాప్ దించినప్పుడు క్రాస్ఓవర్‌ని, అంటే వూఫర్ ఏ ఫ్రీక్వెన్సీ దాకా మోగాలో పెట్టే హద్దుని, 80 నుంచి 100 హెర్ట్జ్ దాకా పైకి జరపమంటాను. డిక్కీలో వూఫర్ ఉండగా అలా జరిపితే బేస్ వెనక నుంచి వస్తున్నట్టు తెలిసిపోతుంది, దగ్గర ఉంటే తెలియదు.

మెష్‌తెర:
ఇద్దరూ శబ్దం పెంచడం గురించే రాస్తున్నారు, మోత తగ్గించడం గురించి ఎవరూ రాయట్లేదు, అది చూసి నాకు బాధేసింది. నేను టాప్ దించి రోజూ చాలా దూరం నడిపినవాణ్ణి, గాలి మోత మీద పాట వినిపించాలని వాల్యూమ్ పెంచి పెంచి ఇప్పుడు కుడి చెవిలో గుయ్‌మనే శబ్దం ఆగదు. పనిచేసే చోట శబ్దానికి అమెరికా వాళ్ల నియోష్ సంస్థ పెట్టిన హద్దు 85 డెసిబెల్స్‌కి రోజుకి 8 గంటలు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగమవుతుంది. 94 అంటే ఒక గంట. స్పీడ్ మీద టాప్ దించిన కార్లో గాలి మోత ఒక్కటే ఆ హద్దు దాకా రాగలదు, దాని మీద పాట అంటే ఇంకా పైకే.

దయచేసి ముందు సీట్ల వెనక విండ్ డిఫ్లెక్టర్ బిగించండి, ఆ మెష్ తెర. ముందు అద్దం మీద నుంచి పోయిన గాలి వెనక నుంచి తిరిగొచ్చి మెడ మీద కొడుతుంది చూశారా, అది ఆగుతుంది. పక్క అద్దాలు ఎత్తి ఉంచండి. ఈ రెండింటితో ఎంత తేడా వస్తుందో చూశాకే వూఫర్ మీద ఖర్చు పెట్టండి.

కొలిచిచూడు:
మెష్‌తెర గారి మాట ముందు చేయాల్సిన పనే. మిగతా గొడవకి మాత్రం లెక్కలతో తేలదు, పరీక్షతో తేలుతుంది, పైసా ఖర్చు లేదు. ఇప్పుడున్న సీల్డ్ బాక్స్‌నే డిక్కీలోంచి తీయండి. పొడవాటి స్పీకర్ వైరు కలిపి పక్క సీటు కాళ్ల దగ్గర పెట్టి, బెల్టుతో కదలకుండా కట్టి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడపండి, పక్కన ఎవరినీ కూర్చోబెట్టొద్దు. యాంప్ సెట్టింగ్స్ ముట్టుకోవద్దు. అదే పాట, అదే వాల్యూమ్, అదే స్పీడ్. తర్వాత డిక్కీలో పెట్టి ఇంకోసారి. డిక్కీలో పెట్టినప్పుడు ఆ రేకు గోడలో మూత తెరిచి ఒకసారి, మూసి ఒకసారి.

నా అనుమానం దూరం కన్నా ఆ గోడ మీదే ఎక్కువ. మూసిన డిక్కీ అంటే వూఫర్ ఇంకో పెట్టెలో బందీ అయినట్టే, టాప్ వేసినప్పుడు కారు ఇచ్చే సాయంతో అది కప్పిపుచ్చుకుపోతోంది. ఆ మూత దగ్గరికి వూఫర్ ముఖం తిప్పి, చుట్టూ ఫోమ్‌తో గాలి చొరకుండా మూసేస్తే పోర్టెడ్ బాక్స్‌కి కూడా న్యాయం జరగొచ్చు.

రెండుసీట్లు:
అందరికీ థాంక్స్. చెప్పినట్టే చేశాను, ఆదివారం పొద్దున రెండు గంటలు పట్టింది.

అద్దాలు ఎత్తి, తెలిసినవాళ్ల డిఫ్లెక్టర్ అడిగి తెచ్చి పెట్టాను. మెష్‌తెర గారూ, ఆ ఒక్కదానితోనే వాల్యూమ్ రెండు మూడు గీతలు తగ్గించగలిగాను. మీ చెవి సంగతి చదివాక నాకు కూడా భయం పట్టుకుంది, ఇక అది తీయను.

బాక్స్ డిక్కీలో ఉండగా రేకు గోడలో మూత తెరిస్తే ఆగి ఉన్నప్పుడు బాగా తేడా తెలిసింది, 80లో కొంచెమే. బాక్స్ కాళ్ల దగ్గర పెట్టగానే మాత్రం నాకు నమ్మబుద్ధి కాలేదు. అదే యాంప్, అదే వూఫర్, డ్రమ్ దెబ్బ తొడకి తగులుతోంది. 80లో కూడా బేస్ గిటార్ ఏ స్వరం మీద ఉందో తెలుస్తోంది, కార్ కొన్నప్పటి నుంచి టాప్ దించి అది వినలేదు.

పోర్ట్‌పక్షం:
సరే, చెవులతో విన్నవాడి మాటే చెల్లుతుంది, అక్కడ వాదించను. కానీ టాప్ వేసి నడిపే రోజుల సంగతి? ఆ 8 అంగుళాలదానికి మారిపోతే ఇప్పుడు ఛాతీకి తగులుతోందన్న ఆ లోతు పోతుంది. తర్వాత మీరే వచ్చి అడుగుతారు.

దగ్గరవినికిడి:
పూర్తిగా పోదు, టాప్ వేస్తే కారు సాయం దానికీ దొరుకుతుంది. తగ్గుతుంది మాత్రం. రెండూ ఉంచుకోండి: డిక్కీలో 10 అలాగే, సీట్ల వెనక 8 కొత్తగా. డీఎస్పీలో (ఏ స్పీకర్‌కి ఏ శబ్దం వెళ్లాలో సర్దే పరికరం) రెండు సెట్టింగులు దాచుకోండి. టాప్ వేస్తే 60 హెర్ట్జ్ కింద డిక్కీది, ఆ పైన చిన్నది. టాప్ దించితే చిన్నదాన్ని 100 దాకా తెరిచి, డిక్కీదాన్ని ఆపేయండి, అనవసరంగా డిక్కీ మూత గలగలలాడటం తప్ప లాభం లేదు.

బిగించేటప్పుడు కొన్ని విషయాలు. చాలా రెండు సీట్ల కార్లకి పెట్రోల్ ట్యాంక్ సీట్ల వెనకే ఉంటుంది, గోడ అవతల ఏముందో చూడకుండా ఒక్క స్క్రూ కూడా దించొద్దు. బాక్స్ సీట్ బెల్ట్ చుట్టకి, టాప్ మడిచే చేతులకి అడ్డం రాకూడదు. బోల్టులతో బిగించాలి, వెల్క్రోతో అతికిస్తే యాక్సిడెంట్‌లో ఆ బరువు మీ తల వెనక నుంచి వస్తుంది. ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన బోర్డు) వద్దు, ఒక్కసారి తడిస్తే ఉబ్బుతుంది, ప్లైవుడ్ గానీ ఫైబర్‌గ్లాస్ గానీ చేయించండి. కోన్ కాగితంది కాకుండా పాలీప్రొపిలీన్‌ది తీసుకోండి.

రెండుసీట్లు:
రెండూ ఉంచుకోవడమే నాకు నచ్చింది. అట్టముక్కలు కోసి సీట్ల వెనక కొలిచాను, సీటు పూర్తిగా వెనక్కి జరిపినా 11 లీటర్లు వస్తుంది. రెండు వూఫర్లూ 4 ఓమ్‌లవే, ఇప్పుడున్న మోనో యాంప్‌కే రెండూ కలపొచ్చా?

కొలిచిచూడు:
కలిపితే 2 ఓమ్‌లు అవుతుంది, ఆ యాంప్ 2 ఓమ్‌లకి సరిపోయేదైతే పాడవదు. కానీ రెండింటికీ ఒకే సిగ్నల్ వెళ్తుంది, టాప్ దించినప్పుడు ఒకదాన్ని ఆపడం కుదరదు. చిన్నదానికి వేరే యాంప్ తీసుకోండి, కొత్త పవర్ వైరుకి బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజ్ పెట్టించండి. 11 లీటర్లంటే తక్కువే, చిన్న సీల్డ్ బాక్స్ కోసమే చేసిన తక్కువ లోతు 8 అంగుళాలవి ఉంటాయి, వూఫర్ కాగితం మీద రాసిన బాక్స్ సైజు చూశాకే కొనండి. అట్టతో కొలిచింది బయటి కొలతా, ప్లైవుడ్ మందం తీసేశాక వచ్చిందా?

రెండుసీట్లు:
బయటి కొలతే. రేపు మళ్లీ కొలుస్తాను.