అంబాసిడర్ స్కేల్ మోడల్ చేసినవాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

బెజవాడ_బండి:
అన్నలూ నమస్తే. మా నాన్నగారు ఇరిగేషన్ ఆఫీసులో డ్రైవర్‌గా చేశారు, 80ల్లో ఆయన నడిపిన తెల్ల అంబాసిడర్‌ని అచ్చం అలాగే చిన్నగా చేసి ఆయనకి ఇద్దామని ఆశ. వెనక కర్టెన్లు, సీటు మీద తెల్ల టవల్ అన్నీ ఉండాలి. ముక్కలు అతికించి చేసుకునే మోడల్ కిట్ ఎక్కడా దొరకలేదు, అందుకని వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే పుల్‌బ్యాక్ ప్లాస్టిక్ బొమ్మ తెచ్చా. ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారు?

ఉప్పల్_మోడలర్:
బొమ్మతోనే బాగా వస్తుంది తమ్ముడూ. డబ్బా మీద రాసిన స్కేల్ నమ్మకుండా ముందు చక్రాలు వెనక చక్రాల మధ్య దూరం కొలువు, అసలు బండి వీల్‌బేస్ 97 అంగుళాలు అంటే 2464 మి.మీ., దాన్ని నీ కొలతతో భాగిస్తే అసలు స్కేల్ తెలిసిపోతుంది. 70 మి.మీ. వచ్చిందనుకో, అది 1/35, అంటే అసలు బండిలో 35వ వంతు. అప్పుడు 15 అంగుళాల రిమ్ము దాదాపు 11 మి.మీ. ఉండాలి, దాన్నిబట్టి చక్రాలు వెతుక్కోవచ్చు. పుల్‌బ్యాక్ మోటర్ తీసేసి యాక్సిల్ కిందకి పైకి సరిచేసి చక్రాలు కొంచెం లోపలికి నెట్టు, ఎందుకంటే ఈ బొమ్మలు ఎత్తుగా నిలబడి చక్రాలు బయటికి పొడుచుకొస్తాయి, నిలబడే తీరు కుదరకపోతే ఎంత మంచి పెయింట్ వేసినా బొమ్మలాగే కనిపిస్తుంది.

పాతకార్లపిచ్చి:
దానికన్నా ముందు ఏ సంవత్సరం బండో తేల్చుకోండి, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం అదే. అంబాసిడర్‌లో మార్క్ 3 మోడల్ వచ్చింది 1975లో, మార్క్ 4 1979లో, రెండిటికీ గ్రిల్ వేరే వేరే. నాన్నగారి పాత ఫోటో ఉంటే ముందు గ్రిల్ చూడండి. లోపల కూడా అంతే, అప్పటి బండికి ముందు బెంచ్ సీటు, గేరు స్టీరింగ్ పక్కన. ఫ్లోర్ గేరు తర్వాత వచ్చిన ఇసుజు ఇంజన్ బండ్లది, అది పెట్టారంటే నాన్నగారు చూడగానే పట్టేస్తారు. ఇంకా నంబర్ ప్లేట్: 1989కి ముందు మన రాష్ట్రంలో 'ఏ'తో మొదలయ్యే మూడు అక్షరాలు, నాలుగు అంకెలు, నల్ల ప్లేట్ మీద తెల్ల రాత.

డాలస్_వర్క్‌బెంచ్:
క్రోమ్ బీడింగ్‌కి బేర్ మెటల్ ఫాయిల్ (వెనక జిగురుండే పల్చటి లోహపు రేకు) వాడండి, పెయింట్‌తో ఆ సన్నదనం రాదు. అంటించి టూత్‌పిక్‌తో అంచుల్లోకి నొక్కి కొత్త బ్లేడుతో కోయాలి, బ్లేడు మొద్దుబారిందంటే చిరుగుతుంది. బొమ్మ మీద పేరు అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటే పెయింట్‌కి ముందే వాటి మీద ఫాయిల్ వేసి, పైన రంగు వేశాక థిన్నర్ తడి చేసిన గుడ్డతో అక్షరాల మీద మాత్రమే మెల్లగా రుద్దండి, రంగు పోయి క్రోమ్ బయటపడుతుంది. నేను టమియా కంపెనీ 1/24 బీటిల్ కారు కిట్‌కి ఇలాగే చేశా, చాలా నచ్చింది.

విశాఖ_స్ప్రే:
పాత రంగు తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టండి, నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, అసిటోన్‌కి ప్లాస్టిక్ కరిగిపోద్ది. బొమ్మ ఎర్ర ప్లాస్టిక్ అయితే తెలుపు మీదకి ఆ ఎరుపు ఊరుతుంది, అందుకే మధ్యలో ఒక కోటు సిల్వర్ వేసి పైన తెల్ల ప్రైమర్. మా ఊళ్ళో వానల్లో లాకర్ పెయింట్ కొడితే తేమకి పాలు పోసినట్టు తెల్లమంచు పట్టేస్తది, రంగు మెల్లగా ఆరేలా చేసే రిటార్డర్ థిన్నర్ కలిపితే తగ్గుతుంది, లేదా ఎండొచ్చిన రోజు కొట్టండి. మాస్క్ తప్పనిసరి. తలుపులు, బానెట్ అతుకుల దగ్గరి ప్యానెల్ గీతల్లోకి నల్ల వాష్ (బాగా పల్చన చేసిన రంగు) వేయకండి, తెల్లబండికి లేత బూడిద రంగు చాలు, నల్లది వేస్తే గీతలు బొగ్గుతో గీసినట్టుంటాయి. గ్రిల్ గళ్ళల్లోకి మాత్రం నల్లదే.

బెజవాడ_బండి:
అందరికీ థాంక్స్ అన్నా, ఫోటో దొరికింది, మార్క్ 3 గ్రిల్లే. అద్దాలు ఫెవిక్విక్‌తో అంటించొచ్చా? టవల్ దేంతో చేయాలి?

పాతకార్లపిచ్చి:
ఫెవిక్విక్ వద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకేస్తుంది. మామూలు తెల్ల ఫెవికాల్ ఆరాక కనిపించదు. టవల్‌కి టిష్యూ పేపర్ ఒక పొర విడదీసి, నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో తడిపి సీటు మీద కప్పి మడతలు సర్దండి, ఆరాక గట్టిపడుతుంది. కర్టెన్లు కూడా అదే. ఎర్రబుగ్గ ఉన్న బండా అది? ఉంటే పారదర్శక ప్లాస్టిక్ ముక్క గుండ్రంగా అరగదీసి క్లియర్ రెడ్ (వెలుగు కనపడే ఎర్ర రంగు) వేస్తే సరిపోతుంది.

బెజవాడ_బండి:
ఎర్రబుగ్గ లేదన్నా, ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్) గారి బండి. రేపు మోటర్ విప్పుతున్నా, వీల్‌బేస్ కొలిచి ఇక్కడే పెడతా.