భాకరాపేట ఘాట్‌లో చేతి గడియారం చూపిన 188ని నమ్మవచ్చా?

శేషాచలం సవారీ (ప్రశ్న):
అందరికీ నమస్కారం. నా వయసు 46. తిరుపతిలో కూర్చుని చేసే ఉద్యోగంలో ఉన్నాను. ఏడాదిగా ఉదయం పూట సైకిల్ తొక్కుతున్నాను. మామూలు రోజుల్లో శ్రీనివాస మంగాపురం మీదుగా చంద్రగిరి వరకు వెళ్ళి వస్తాను, ఆదివారాల్లో రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కడానికి ప్రయత్నిస్తాను. గుండె వేగం తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్న చేతి గడియారాన్నే వాడుతున్నాను. గత ఆదివారం ఘాట్‌లో మొదటి మలుపు దగ్గర, ఇంకా ఆయాసమైనా మొదలుకాకముందే, అది నిమిషానికి 188 చూపింది. పైకి చేరే సరికి నాకు ఊపిరి ఆడని స్థితి వచ్చింది, అప్పుడు మాత్రం 92 దగ్గర నిలిచిపోయింది. 220లో నుంచి వయసును తీసివేస్తే నా గరిష్ఠ గుండె వేగం 174 అవుతుంది కనుక, 188 చూసి భయపడి దిగి పది నిమిషాలు గట్టు మీద కూర్చున్నాను. రక్తపోటుకు రోజూ ఒక మాత్ర కూడా వేసుకుంటాను. ఛాతీకి కట్టుకునే పట్టీ కొనడం అవసరమా, లేక ఈ గడియారాన్నే సరిగా కట్టుకుంటే సరిపోతుందా? ఆ 174 దాటితే నిజంగా ఆగిపోవాలా?

రెండు చక్రాలు:
ముందుగా పరికరం సంగతి చెబుతాను, ఎందుకంటే మీ గడియారం చెడిపోలేదు. చేయలేని పని దానికి అప్పగించారు, అంతే. మణికట్టు గడియారం చర్మం మీదకు ఆకుపచ్చ కాంతిని పంపి, ప్రతి స్పందనతో రక్తం ఎక్కువ తక్కువలైనప్పుడు తిరిగి వచ్చే కాంతిలో కలిగే మార్పును లెక్కపెడుతుంది. కూర్చుని ఉన్నప్పుడు ఈ లెక్క బాగానే ఉంటుంది. సైకిల్ మీద మాత్రం హ్యాండిల్‌బార్‌ను గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు వంగి కండరాలు బిగుస్తాయి, గతుకుల అదురు నేరుగా చేతికి తగులుతుంది, గడియారం కాస్త జరిగినా కింద నుంచి బయటి వెలుతురు చొరబడుతుంది. ఆ అదురునే అది గుండె చప్పుడుగా లెక్కవేసుకోవచ్చు, లేదా అసలు స్పందనను వదిలివేయవచ్చు. మీరు చూసిన 188, 92 రెండూ ఈ కోవలోవే అయివుంటాయి. మార్గశిరంలో తెల్లవారకముందే కల్యాణి డ్యామ్ వైపు వెళ్ళేటప్పుడు, చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకోవడం వల్ల నా గడియారం కూడా ఇలాంటి తప్పులే చేసేది.

ఛాతీ పట్టీ పని తీరు వేరు. దానిలోని రెండు ఎలక్ట్రోడ్లు గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటాయి కాబట్టి, వేగం అకస్మాత్తుగా మారినా ఆలస్యం లేకుండా చూపిస్తాయి. పట్టీ నచ్చనివారికి మోచేతి పై భాగాన కట్టుకునే కాంతి పరికరాలు ఉన్నాయి. అక్కడ కండ ఎక్కువ, కదలిక తక్కువ కనుక అవి మణికట్టు కంటే చాలా మెరుగు. అయినా ఘాట్లు ఎక్కే మీకు నేను పట్టీనే సూచిస్తాను.

కొనేటప్పుడు చూడవలసింది ముఖ్యంగా ఒక్కటే: అది బ్లూటూత్, యాంట్ ప్లస్ అనే రెండు వైర్‌లెస్ పద్ధతుల్లోనూ అంకెలను పంపుతుందా అని. ఫోన్‌కు బ్లూటూత్ చాలు, సైకిల్ కంప్యూటర్లలో ఎక్కువ భాగం యాంట్ ప్లస్‌ను కూడా వింటాయి, ఆ సంకేతాన్ని ఎన్ని పరికరాలైనా ఒకేసారి అందుకోగలవు. పోలార్ హెచ్10, గార్మిన్ హెచ్‌ఆర్‌ఎమ్ డ్యుయల్, వాహూ టిక్కర్ అనే పట్టీలు మూడూ ఈ రెండు విధాలా పంపుతాయి. చవక రకాలు కూడా స్పందనను సరిగానే లెక్కిస్తాయి. తేడా ఎక్కువగా పట్టీ గుడ్డ నాణ్యతలోనూ, అది ఎన్నాళ్ళు మన్నుతుందన్నదానిలోనూ కనిపిస్తుంది.

కట్టుకునే ముందు ఎలక్ట్రోడ్లను నీళ్ళతో తడపడం మరచిపోకండి. పొడి చర్మం మీద, చెమట పట్టేదాకా మొదటి పది నిమిషాలు అంకెలు పిచ్చిపిచ్చిగా ఉంటాయి. దిగుడులో పాలిస్టర్ జెర్సీ గాలికి రెపరెపలాడితే పుట్టే స్థిర విద్యుత్తు వల్ల కూడా వేగం లేనిపోని ఎత్తుకు పోతుంది. ఇంటికి రాగానే సంకేతం పంపే బిళ్ళను పట్టీ నుంచి విడదీయాలి, లేకపోతే తడి గుడ్డను శరీరమనుకుని అది పనిచేస్తూనే ఉండి బటన్ సెల్‌ను తినేస్తుంది. మా ఇంట్లో రెండు సెల్లులు అలా పోయిన తరువాతే ఈ సంగతి నాకు తెలిసింది.

చిత్తూరు మాస్టారు:
పై మిత్రులు పరికరం గురించి చెప్పినదంతా సరైనదే. నేను ఆ 174 గురించి చెప్పదలచుకున్నాను. 220లో నుంచి వయసును తీసివేసే సూత్రం జనం మొత్తానికి వేసిన సగటు లెక్క, అది మీ గుండె కొలత కాదు. ఒకే వయసున్న ఇద్దరి మధ్య పది, పదిహేను స్పందనల తేడా ఉండటం మామూలు విషయం. 2001లో ప్రతిపాదించిన మరో సూత్రం 208లో నుంచి వయసుకు 0.7 రెట్లు తీసివేయమంటుంది. నాకు 61 ఏళ్ళు. మొదటి సూత్రం నాకు 159, రెండవది 165 ఇస్తాయి. మొగిలి ఘాట్‌లో, లారీల పొగ మధ్య, పట్టీ కట్టుకుని పూర్తి బలంతో ఎక్కినప్పుడు నాకు కనిపించినది 170. అందువల్ల సూత్రం చెప్పిన అంకె దగ్గర గీత గీసుకుని ఆగనక్కరలేదు. ఆ గీత లోపల ఉన్నాం కదా అని ధైర్యపడటానికి కూడా వీలు లేదు.

మీ విషయంలో ఆ ధైర్యం అసలు పనికిరాదు. రక్తపోటుకు ఇచ్చే మాత్రల్లో బీటా బ్లాకర్ అనే రకం గుండె వేగాన్నే తగ్గిస్తుంది. అది వేసుకునేవారికి ఈ సూత్రాలు వర్తించవు, ఎంత శ్రమపడినా అంకె అంత పైకి పోదు. మీ మాత్ర ఆ రకమో కాదో వైద్యుణ్ణి అడగండి, 46 ఏళ్ళ వయసులో ఘాట్లు ఎక్కాలనుకుంటున్నందున ట్రెడ్‌మిల్ పరీక్ష (కదిలే పట్టా మీద నడిపిస్తూ గుండెను చూసే పరీక్ష) అవసరమా అనీ అడగండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, గుండె లయ తప్పినట్లు అనిపించడం జరిగితే, తెర మీద ఏ అంకె ఉన్నా సైకిల్ దిగి వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. సవారీ పట్టీలు అమ్మేది వ్యాయామానికే కానీ వ్యాధి నిర్ధారణకు కాదు.

అనుమతి దొరికిన తరువాత విశ్రాంతి వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఉదయం మంచం దిగకముందు నాకు 56 ఉంటుంది. 170లో నుంచి 56 తీస్తే 114 మిగులుతుంది. దానిలో 60 నుంచి 70 శాతం తీసుకుని మళ్ళీ 56 కలిపితే 124 నుంచి 136 వస్తుంది. నా సుదీర్ఘ సవారీలన్నీ ఆ మధ్యనే సాగుతాయి. గరిష్ఠంలో నేరుగా 60, 70 శాతాలు వేస్తే 102, 119 వచ్చేవి, కాణిపాకం రోడ్డులో చిన్న ఎత్తు రాగానే దాటిపోయేవి. అంకె మీద అనుమానం వస్తే మాట్లాడి చూడండి. అలిపిరి మెట్లెక్కేవారు గోవింద నామం ఒక్క గుక్కలో పలకగలుగుతున్నారా, మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారా అన్నది వింటే వారి శ్రమ ఎంతో తెలిసిపోతుంది కదా, ఇదీ అంతే.

పేరూరు గట్టు:
ఎండ సంగతి ఎవరూ చెప్పలేదు కనుక చేరుస్తున్నాను. మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో ఏడున్నర దాటాక ఒకే గేరులో, ఒకే వేగంతో, చదును రోడ్డు మీదే తొక్కినా గంట తరువాత గుండె వేగం పది, పదిహేను పెరుగుతుంది. చెమట రూపంలో రక్తంలోని నీరు తగ్గిపోవడం, శరీరాన్ని చల్లబరచడానికి చర్మానికి ఎక్కువ రక్తం పంపవలసి రావడం వల్ల ఒక్కో స్పందనకు గుండె పంపగల రక్తం తగ్గుతుంది, ఆ లోటును వేగం పెంచి పూడ్చుకుంటుంది. అది చూసి శక్తి తగ్గిపోయిందని దిగులుపడి మరింత గట్టిగా తొక్కకండి. నీళ్ళు తాగి వేగం తగ్గించండి. అలాగే చిన్న వంతెన ఎక్కే అర నిమిషంలో అంకె వెంటనే పెరగదు, దిగుతున్నప్పుడు పెరుగుతుంది. అది పరికరం లోపం కాదు, గుండె స్వభావమే అంత. కాబట్టి పొట్టి ఎత్తుల్లో అంకెను చూస్తూ తొక్కడం వ్యర్థం.

శేషాచలం సవారీ:
మూడు వారాల తరువాత వచ్చి రాస్తున్నాను. మాస్టారు గారూ, మీరు చెప్పినట్లు వైద్యుణ్ణి కలిశాను. నా మాత్ర బీటా బ్లాకర్ కాదట. ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేసి, తొక్కవచ్చని చెప్పారు. తరువాత పట్టీ కొని, గడియారాన్ని కూడా ఉంచుకుని అదే ఘాట్ ఎక్కాను. మొదటి మలుపు దగ్గర గడియారం 181 అంటే పట్టీ 139 అన్నది. పైన గడియారం 104 దగ్గర ఉండగా పట్టీ 177 చూపింది. అంటే నేను భయపడి దిగిన చోట భయపడవలసినది ఏమీ లేదు, ధైర్యంగా ఉన్న చోటే నా పరిమితికి దగ్గరగా ఉన్నాను. ఒక్క ఇబ్బంది మిగిలింది: గంట దాటేసరికి పట్టీ పొట్ట మీదకు జారుతోంది.

రెండు చక్రాలు:
సరిగ్గా రొమ్ము కండరం కిందుగా కట్టి, రెండు వేళ్ళు మాత్రమే దూరేంత బిగించండి. తొక్కే భంగిమలో ముందుకు వంగి ఒకసారి సరిచూసుకోండి, ఎందుకంటే నిలబడి కట్టుకున్నప్పుడు ఉన్న బిగువు వంగినప్పుడు ఉండదు. ఇంకా జారితే పట్టీకి పట్టిన చెమట ఉప్పును కడగండి. వారానికొకసారి పలుచని సబ్బు నీళ్ళు చాలు, మెత్తదనానికి వేసే ద్రవాలు మాత్రం వద్దు. ఎండలో కాకుండా నీడలో ఆరవేయండి.