అమ్మ బయాప్సీ రిపోర్టులో లింఫోసైట్లు ఎక్కువని రాశారు. భయపడాలా?

గుంటూరు పెద్దమ్మాయి:
అందరికీ నమస్కారం. అమ్మకి 58 ఏళ్లు. పొట్ట ఉబ్బరంగా ఉంటే గ్యాస్ అనుకుని మూడు నెలలు మాత్రలు మింగింది. స్కాన్‌లో పొట్టలో నీరు, రెండు అండాశయాల్లోనూ గడ్డలు కనిపించాయి. పోయిన నెల ఆపరేషన్ అయింది. రిపోర్టులో హైగ్రేడ్ సీరస్ కార్సినోమా (అండాశయ క్యాన్సర్‌లో ఒక రకం), స్టేజి 3సి అని ఉంది. దాని కింద, గడ్డ కణాల మధ్య లింఫోసైట్లు ఎక్కువగా ఉన్నాయని ఇంకో లైను. ఓపీలో కీమో తేదీలు రాసుకునేసరికే మా వంతు అయిపోయింది, దీని గురించి అడగలేకపోయాను. అంటే క్యాన్సర్ ఇంకా పాకిందనా? రాత్రి నెట్‌లో వెతికితే ఐదేళ్లు బతికేది 38 శాతం, 4.5 శాతం అని కనిపించింది. ఆ 4.5 చూశాక నిద్ర పట్టలేదు. మావయ్యేమో పొలం అమ్మైనా ఇమ్యూనోథెరపీ ఇప్పిద్దాం అంటున్నాడు.

స్లైడు చూసేవాణ్ణి:
అమ్మా, ఆ 4.5 మీ అమ్మగారి వైపు అంకె కాదు. నేను పాథాలజీలో 14 ఏళ్లుగా ఉన్నాను. లింఫోసైట్లంటే మన ఒంటి రక్షణ కణాలే. మైక్రోస్కోపులో చూస్తే గులాబీరంగు గడ్డలో ఆవాలు చల్లినట్టు, చిన్నగా ముదురు నీలంగా ఉంటాయి. గడ్డ లోపలికి అవి చొరబడ్డాయంటే ఒళ్లు శత్రువుని గుర్తుపట్టిందన్నమాట.

మీరు చూసిన అంకెలు 2003లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు 186 గడ్డల్ని పరీక్షించి చెప్పినవి. టీ కణాలు (లింఫోసైట్లలో ఒక రకం) గడ్డ లోపల ఉన్నవాళ్లలో 38 శాతం, లేనివాళ్లలో 4.5 శాతం ఐదేళ్లు దాటారు. 2017లో 5,500 మందికి పైగా నమూనాలు చూశారు. హైగ్రేడ్ సీరస్‌లో సీడీ8 కణాలు (టీ కణాల్లో గడ్డని చంపే రకం) అసలు లేనివాళ్లలో సగం మంది 2.8 ఏళ్లు దాటితే, బాగా ఉన్నవాళ్లలో సగం మంది 5.1 ఏళ్లు దాటారు.

ఒక్క మాట. ఈ సీడీ8 కణాలూ, వాటి చేతులు కట్టేసే రెగ్యులేటరీ టీ కణాలూ మామూలు స్లైడులో ఒకేలా కనిపిస్తాయి. సీడీ8 రంగు వేస్తేనే గోధుమరంగులో విడిగా తేలతాయి. కాబట్టి ఈ లైను మంచి కబురే, కానీ హామీ కాదు. దీన్ని బట్టి కీమో మారదు కూడా.

పొలం మాత్రం అమ్మకండి. తిరగబెట్టిన అండాశయ క్యాన్సర్‌లో పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఒక్కటే ఇచ్చి చూస్తే, నూటికి 8 మందికే గడ్డ చెప్పుకోదగ్గంత తగ్గింది.

ఆరో ఏడు:
తల్లీ, నాకూ 3సినే. ఆపరేషన్ అయి ఆరో ఏడు నడుస్తోంది. నా గడ్డలో ఆ కణాలు ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. ఈసారి వెళ్లినప్పుడు రెండే అడుగు, కాగితం మీద రాసుకుని వెళ్లు. కంటికి కనిపించే గడ్డంతా తీసేశారా, ఏమైనా మిగిలిందా? బీఆర్‌సీఏ పరీక్షకి, అంటే వంశంలో వచ్చే జన్యులోపం ఉందేమో చూసేదానికి, పంపారా? నాకది పాజిటివ్ వచ్చింది కాబట్టే కీమో తర్వాత ఒలపారిబ్ మాత్రలు వేశారు. నీకు తోబుట్టువులుంటే వాళ్లకీ అవసరమయ్యే పరీక్ష అది.

గుంటూరు పెద్దమ్మాయి:
అన్నగారూ, అమ్మా, ఇద్దరికీ దండాలు. ఇవాళ ఫోన్ చేసి అడిగాను. కంటికి కనిపించేదేమీ మిగల్లేదట. బీఆర్‌సీఏకి ఇంకా పంపలేదు, గురువారం అమ్మ రక్తం తీస్తారు. పాజిటివ్ వస్తే నేనూ చెల్లీ కూడా ఇస్తాం. ఆవాల మాట అమ్మకి చెప్తే, ‘అయితే లోపల మనవాళ్లున్నారన్నమాట’ అని ఈ పూట కాస్త పెరుగన్నం తింది.