కడప పిన్‌కోడ్ 516001 ప్రధాన సంఖ్యేనా?

రిటైర్డ్ సార్టర్, కడప:
పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టింగ్ చేసి రిటైరైనవాణ్ణి. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, నేను ఉద్యోగంలో చేరింది ఆ తర్వాత. 516001 నాకు కలలో కూడా కనబడేది. మొన్న తొమ్మిదో తరగతి మనవరాలు "తాతా, ఇది ప్రధాన సంఖ్య" అంది. కాదన్నాను. కాలిక్యులేటరు ముట్టకూడదని పందెం, ఓడితే నేను కారం దోశ ఇప్పించాలి. కర్నూలు 518001, అనంతపురం 515001 అంకెలు కూడితే 15, 12. రెండూ మూడుతో పోతాయి. మనది 13, పోదు. 7, 11, 13 వేసి చూశాను, శేషం మిగులుతూనే ఉంది. ఎంతదాకా భాగించాలి?

లెక్కలయ్యవారు, పులివెందుల:
వర్గమూలం దాకా చాలు. 719 వర్గం 516961, మీ నంబరును దాటిపోయింది. కాబట్టి 718 దాకా. అయితే అంతదూరం పోయే పని లేదు పెద్దాయనా, ఇంకొక్క ప్రధాన సంఖ్య చూసుంటే సరిపోయేది. మూడు పదిహేళ్ళు 51 కదా, మీ నంబరు మొదలైందే 51తో. 510000 తీసేస్తే 6001. అందులో 5100 తీసేస్తే 901. అది 850, 51. అన్నీ 17తో పోయేవే! 17 × 30353.

ఇక 30353తోనే తంటా. 19 నుంచి 113 దాకా ఒక్కటీ పోలేదు, కాగితం రెండు వైపులా నిండింది. 127 దగ్గర పడింది. 516001 = 17 × 127 × 239. మూడూ ప్రధాన సంఖ్యలే.

వీటిలో నాకు 239 అంటే ముద్దు. ఒకటిని దానితో భాగిస్తే 0.0041841 0041841... ఏడంకెలు తిరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే 239 × 41841 అంటే ఏడు తొమ్మిదులు. 1706లో గణితజ్ఞుడు జాన్ మాచిన్ π (పై) విలువను వంద దశాంశాల దాకా లెక్కగట్టిన సూత్రంలోనూ ఇది ఉంది. ఘనాల మొత్తంగా రాయాలంటే తొమ్మిది ఘనాలు కావలసిన సంఖ్యలు రెండే, 23, 239. రెండు 64లు, నాలుగు 27లు, మూడు ఒకట్లు వేసి చూడండి.

బంగారం అంగడి, ప్రొద్దుటూరు:
మా 516360 చూడండి సారూ. 120 × 4303, ఆ 4303 మళ్ళీ 13 × 331. భాజకాలు 64! మీ కడపకు ఎనిమిదే. భాగాలు పంచుకోవాలంటే మా ఊరి నంబరే మేలు.

రిటైర్డ్ సార్టర్, కడప:
అయ్యవారూ, మీ లెక్క చూపించాను. పిల్ల 17 × 30353 గుణించి చూసుకుని ఒప్పుకుంది. కానీ "నువ్వు 13 దగ్గరే ఆగిపోయినావు, గెలిచింది ఆ సారు" అంటోంది. దోశ ఎట్లాగూ నా ఖర్చే. ఇప్పుడు కర్నూలు పట్టుకుంది. మూడుతో తీసేస్తే 172667. మొదట్లో 17 ఉంది కదా అని 17తో భాగించింది, శేషం 15. ఇంకా భాగిస్తూనే ఉంది.